సముద్రం దగ్గరికి సగం కాదు

కాలినడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
(విశాఖలో 31 ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్ రాస్తున్న శీర్షిక)

ప్రశ్న: పోస్టుమాస్టారు గారికి నమస్కారం. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నాకు 52 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటాను. మా అత్తగారిది విజయనగరం వైపు పల్లెటూరు. 2019లో మా అబ్బాయికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, వాడు లేచి తిరిగితే సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని ఆవిడ మొక్కుకున్నారు. తర్వాత కరోనా వచ్చింది. ఆ తర్వాత ఆవిడకి మోకాళ్లు సహకరించలేదు. మొన్న సంక్రాంతికి ముందు పోయారు. ఆ నడక నేను నడుద్దామనుకుంటున్నాను. ఇంట్లో మాత్రం వద్దంటున్నారు. చెప్పులు లేకుండానే నడవాలా? సముద్రంలో మునగాల్సిందేనా? పగలు మంచిదా, రాత్రి మంచిదా? మధ్యలో ఆగిపోతే మొక్కు చెల్లదా? ఆడవాళ్లకి బాత్రూముల సంగతేంటి? ఎంవీపీ కాలనీలో మా పిన్ని కూతురు ఉంది. మావారు కారులో వెనకాలే వస్తానంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక సవరణమ్మా. నేను పోస్టుమాస్టర్‌ని కాదు, పోస్ట్‌మ్యాన్‌ని. ఆయన కుర్చీలో కూర్చునేవారు, నేను తిరిగేవాణ్ని. ఈ శీర్షిక నాకు అప్పజెప్పింది కూడా అందుకే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా వైపు సింహాచలం అప్పన్నకి మొక్కని ఇల్లుండదు. నేను ఉత్తరాలు పంచే బీటులో ఒక్క వీధిలోనే నలుగురు అప్పలరాజులు, ముగ్గురు సింహాచలాలు, ఇద్దరు అప్పలనర్సమ్మలు ఉండేవారు. మనియార్డర్ ఎవరిదో తేల్చడానికి తండ్రి పేరు, తాత పేరు అడగాల్సి వచ్చేది. మీ అత్తగారి మొక్కు నాకు కొత్తగా అనిపించలేదు. కోడలు దాన్ని తలకెత్తుకోవడం మాత్రం కొత్తగా అనిపించింది.

ప్రదక్షిణ ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు మొదలవుతుంది, మర్నాడు పౌర్ణమి. 2025లో జూలై 9న వచ్చింది. 2026లో జ్యేష్ఠం అధిక మాసం కాబట్టి జూలై చివరికి జరిగింది. టికెట్లు కొనేముందు పంచాంగం చూసుకోండి. మొత్తం 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా (గుడి మెట్ల దారిలో మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాలి. అడవివరం, పైనాపిల్ కాలనీ, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం తగులుతుంది. అక్కణ్నుంచి అప్పుఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, సీతమ్మధార, పోర్టు స్టేడియం, కంచరపాలెం, మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, మళ్లీ సింహాచలం. దారి పొడవునా కొండ మీ కుడిచేతి వైపే ఉంటుంది. జనంలో దారి తప్పుతానేమోనన్న భయం వద్దు, తప్పిపోదామన్నా వీలుపడదు.

ఇందులో సముద్రం ఎక్కడ వచ్చిందో చూశారా? మూడో వంతు దాటిన కాసేపటికే. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు సముద్రాన్ని సగం అనుకుంటారు. హనుమంతవాక దాటాక ఉప్పుగాలి తగలగానే కాళ్లకి ఎక్కడలేని హుషారు వస్తుంది. జనం పరుగెత్తినట్టే నడుస్తారు. నీళ్లలో దిగి, మునిగి, ఫొటోలు దిగి, పులిహోర తిని, పని అయిపోయిందన్నట్టు కూర్చుంటారు. అప్పటికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు అయ్యాయంతే. ఇంకో పంతొమ్మిది ఉన్నాయి, అవి తడి కాళ్లతో నడవాలి.

మొదటిసారి నేనూ అదే చేశాను. అప్పటికి ముప్పై రెండేళ్లు. రోజూ పది పన్నెండు కిలోమీటర్లు తిరిగేవాణ్నన్న పొగరు కూడా ఉంది. పంచెతోనే మూడు మునకలు వేసి, పిండుకుని, అదే కట్టుకుని బయలుదేరాను. వెంకోజీపాలెం వచ్చేసరికి తొడలు ఒరుసుకుని మంట మొదలైంది. వేళ్ల సందుల్లో ఇసుక ఒక్కో అడుగుకీ గీరుతోంది. ఎడమ మడమ కింద బొబ్బ లేచిన సంగతి ఇసుకతోటలో తెలిసింది. (ఊరి పేరు చూసి మావాడొకడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.) సీతమ్మధారలో ఒక ఇంటి ముందు ముసలామె ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, పక్కన బకెట్టు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ల పాదాల మీద చెంబుతో నీళ్లు పోస్తోంది. నేను పాదం ముందుకు పెడితే, "పైపైన కాదు నాయనా, వేళ్లు విప్పు. ఇసకంతా పోవాల" అంది. నేను వంగలేకపోతున్నానని తనే వేళ్ల సందుల్లో తన వేలు పెట్టి కడిగింది. తర్వాత పాత చీర ముక్క ఇచ్చి తుడుచుకోమంది. "సముద్రం కాడికి సగం అనుకున్నావా? ఇప్పుడొచ్చింది సగం" అని మాత్రం నవ్వింది. ఆమె లెక్క నూటికి నూరు పాళ్లు నిజం. ఆ చుట్టుపక్కలే ఎక్కడో పదహారు దాటుతుంది.

అందుకని మీరు చేయాల్సింది ఇది. సముద్రంలో మునగాల్సిన పని లేదు. మన తీరంలో అలల లాగుడు ఎక్కువ. మోకాలి లోతులో నిలబడ్డవాళ్లని కూడా అల వెనక్కి ఈడ్చుకుపోవడం నా కళ్లతో చూశాను. ఆ రోజు గజ ఈతగాళ్లని పెడతారు గానీ, వేలమందిలో ఎవరు ఎక్కడ జారారో వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది? పాదాలు తడిసేంత వరకు వెళ్లి, దోసిటితో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకోండి. అందరూ ఎక్కువగా ఉన్న చోటే చల్లుకోండి, ఖాళీగా ఉందని పక్కకి వెళ్లొద్దు. ఒడ్డుకి రాగానే మంచినీళ్లతో పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. లీటరు సీసా, చిన్న తువ్వాలు దీనికోసమే మోయండి. చీర అంచు తడిస్తే అది కాళ్లకి కొట్టుకుంటూనే ఉంటుంది, కాటన్ చుడీదార్ నయం. తొడలకీ మడమలకీ కొబ్బరినూనె గానీ వాజిలైన్ గానీ ముందే రాసుకోండి. సిగ్గుపడాల్సిన సంగతి కాదు. 32 కిలోమీటర్లలో మనిషిని కూలేసేది ఎక్కువసార్లు ఇలాంటిదే.

చెప్పుల సంగతి. చాలామంది వట్టి కాళ్లతోనే నడుస్తారు. మీరు వద్దు. షుగర్ ఉన్నవాళ్లకి అరికాలి స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు. గాజుముక్క గుచ్చుకున్నా, తారు కాలినా తెలియదు, ఇంటికెళ్లాక పుండు కనిపిస్తుంది. అప్పన్నకి మీ పాదాల మీద పగేం లేదు. అలవాటైన మెత్తని బూట్లు, మేజోళ్లు వేసుకోండి, అదనంగా రెండు జతల మేజోళ్లు సంచీలో పెట్టుకుని సముద్రం దగ్గర ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. తొలిపావంచా దగ్గర, గుడి దగ్గర విప్పేయండి, సరిపోతుంది. కొత్త బూట్లు మాత్రం కొనకండి. కొన్నా రెండు నెలల ముందు కొనండి. బయలుదేరేముందు డాక్టరుకి పాదాలు చూపించి, ఆ రోజు మాత్ర ఎంత, ఎప్పుడు వేసుకోవాలో అడగండి. పూర్తి మాత్ర వేసుకుని పది గంటలు నడిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగినట్టుంటే అది భక్తి పారవశ్యం కాదమ్మా. వెంటనే కూర్చుని గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నోట్లో వేసుకోండి. జేబులో ఉంచుకోండి, కారులో కాదు.

కారు అన్నారు కాబట్టి చెప్తున్నాను. వెనకాల కారు రాదు. ఆ రోజు దారంతా ట్రాఫిక్ ఆపేస్తారు, మళ్లిస్తారు. మీవారికి అంత ప్రేమ ఉంటే మీతో నడవమనండి. లేదంటే సీతమ్మధారలో ఒకచోట, గోపాలపట్నంలో ఒకచోట ముందే వెళ్లి ఫ్లాస్కుతో నిలబడమనండి.

పగలా, రాత్రా? స్వామివారి రథం తొలిపావంచా నుంచి మధ్యాహ్నం కదులుతుంది. నాకైతే దాని వెనక వెళ్లి రాత్రంతా నడవడమే ఇష్టం. "సింహాద్రినాథా గోవిందా" అని ముందువాళ్లు అంటే వెనకవాళ్లు అందుకుంటూ ఉంటారు, నిద్ర మత్తులో నోరు దానంతటదే పలుకుతుంది. కానీ మీకు నేను చెప్పేది తెల్లవారుజాము. నాలుగు, నాలుగున్నరకి కొబ్బరికాయ కొట్టండి. ముడసర్లోవ దగ్గర తెల్లవారుతుంది. చెరువు మీద సోలార్ పలకలు తేలుతుంటాయి, అటు కొండ, ఆషాఢం మబ్బు. దారి మొత్తంలో ఊపిరి తీసుకునే చోటు అదొక్కటే, అక్కడ తొందరపడకండి. ఎనిమిదికల్లా వెలుతుర్లో సముద్రం చూస్తారు. తొమ్మిదిన్నరకి ఎంవీపీలో మీ పిన్ని కూతురింట్లో ఉంటారు. బాత్రూము సమస్యకి అదే అసలైన జవాబు. దారిలో తాత్కాలికంగా పెడతారు గానీ, సముద్రం దగ్గర వాటి ముందు వరస చూస్తే ధైర్యం పోతుంది. వాళ్లింట్లో కుర్చీలో కూర్చోండి, సోఫాలో వద్దు. నేను ఒకసారి ఎంవీపీలో చుట్టాలింట్లో సోఫాలో కూర్చున్నాను. ఆ ఏడాది ప్రదక్షిణ అక్కడితో సరి.

తిండి గురించి టెన్షన్ వద్దు. ప్రతి జంక్షన్‌లో పులిహోర, దద్దోజనం, మజ్జిగ, పళ్లు చేతుల్లో పెడతారు. వద్దంటే బాధపడతారు. పుచ్చుకుని పక్కవాళ్లకివ్వండి. కాస్త కాస్త తినండి. పాకం కట్టిన పానకం, రస్నా లాంటివి మీరు ముట్టకండి.

ఇక చివరి పది కిలోమీటర్లు. వీటి గురించి ఎవరూ చెప్పరు. కంచరపాలెం మాది. 22, 23 కిలోమీటర్లు నడిచాక మా వీధి మలుపు వస్తుంది. మా ఇంటి గేటు కనిపిస్తుంది. మంచం ఎక్కడుందో తెలుసు, ఫ్యాను స్విచ్ ఎక్కడుందో తెలుసు. ఆ మలుపు దాటడానికి నేను పడ్డ బాధ బొబ్బకి కూడా పడలేదు. అది నా ఒక్కడి బాధ అనుకోండి. మాధవధార దగ్గరిది మాత్రం అందరిదీ. అక్కడ కొండ మీద పడేంత దగ్గరగా ఉంటుంది. ఆ కొండకి అవతలి వైపే స్వామి ఉన్నాడు. పాతకాలంలో మాధవధార నుంచే కొండెక్కి అటు దిగి గుడికి వెళ్లేవారు, ఇప్పటికీ ఆ దారిన ఎక్కేవాళ్లున్నారు. ఒక కొండ ఎక్కి దిగితే అయిపోయేదానికి, మీరు ఎన్‌ఏడీ, గోపాలపట్నం చుట్టి ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. ప్రదక్షిణ అంటే చుట్టూ తిరగడమే కదా అని తెలిసినా, అక్కడ నిలబడి కొండని చూస్తే ఏడుపొస్తుంది. గోపాలపట్నం దగ్గర నేను ఎవరితోనూ మాట్లాడను. మా ఆవిడ పక్కనున్నా మాట్లాడను.

మీరు ఎండ వేళ సీతమ్మధార ప్రాంతంలో రెండు మూడు గంటలు నీడన పడుకుని, నాలుగింటికి లేచి ఈ భాగం నడవండి. పొద్దుపోయాక ఎనిమిది, తొమ్మిదికి తొలిపావంచాకి చేరతారు. అక్కడ వెయ్యి మెట్లున్నాయి. ఎక్కగలిగితే ఎక్కండి, లేదంటే బస్సులో వెళ్లి మర్నాడు దర్శనం చేసుకోండి. ఆ పౌర్ణమికి స్వామికి నాలుగో విడత చందనం సమర్పిస్తారు. అక్షయ తృతీయనాడు స్వామి ఒంటి మీది చందనం ఒలిచి, నాలుగు విడతల్లో, మూడేసి మణుగుల (పాత తూకం) చొప్పున మళ్లీ పూస్తారు, అది ఆ రోజుకి పూర్తవుతుంది.

మధ్యలో ఆగితే మొక్కు చెల్లుతుందా అన్నది అర్చకులు చెప్పాల్సిన మాట. నాకు తెలిసిందల్లా, నడవలేనివాళ్లు పౌర్ణమినాడు కొండమీద గుడి చుట్టూనే ప్రదక్షిణలు చేస్తారు, వాళ్లని ఎవరూ తక్కువగా చూడరు. సముద్రం దాకా నడిచి ఆటో ఎక్కినా, మర్నాడు గుడి చుట్టూ తిరగొచ్చు. మీ అత్తగారు బతికుండి ఉంటే మిమ్మల్ని షుగర్‌తో వట్టికాళ్ల మీద 32 కిలోమీటర్లు నడవనిచ్చేవారా? ఆవిడ ఏమనేవారో మీకే బాగా తెలుసు.

ప్రశ్న: మేం నలుగురం డిగ్రీ స్టూడెంట్స్. ఐదు గంటల్లో గిరి ప్రదక్షిణ పూర్తి చేయాలని టార్గెట్. స్మార్ట్ వాచ్‌లో రికార్డ్ చేస్తాం. ట్రైనింగ్ ఎలా ఉండాలి?
– విజయనగరం నుంచి

జవాబు: గంటకి ఇంచుమించు ఆరున్నర కిలోమీటర్లు. ఖాళీ రోడ్డు మీద మీ వయసులో చేయగలరు. ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉండదు. మీ ముందు ఒక ముసలాయన కర్రతో నడుస్తుంటాడు, పక్కన చంటిబిడ్డని ఎత్తుకున్న తల్లి ఉంటుంది. వాళ్లని తోసుకుంటూ వెళ్తే రికార్డు వస్తుందేమో గానీ, తిట్లు కూడా వస్తాయి, మా ఉత్తరాంధ్ర తిట్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఆదివారాలు పదిహేను, ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లు పెంచుకుంటూ నడవండి. వాచీ పెట్టుకోండి, చూడకండి. ఓపిక ఎక్కువైతే అడవివరం దగ్గర ఎవరిదైనా సంచీ మోయండి.

ప్రశ్న: మేం ఖమ్మం నుంచి అరుణాచలం ఏడుసార్లు వెళ్లాం. సింహాచలం కూడా అలాగే ఉంటుందా?

జవాబు: ఉండదండీ. అరుణాచలం చుట్టు 14 కిలోమీటర్లు, ఇది 32. రెండు చుట్లు కలిపి, ఇంకా కొంచెం వేసుకోండి. అక్కడ దారిలో అష్టలింగాలున్నాయి. ఒక్కోచోట ఆగి దణ్ణం పెట్టుకుంటే కాలికి విశ్రాంతి, మనసుకి లెక్క. ఇక్కడ మధ్యలో మిమ్మల్ని ఆపేది సముద్రం ఒక్కటే. మిగతాదంతా కాలనీలు, జంక్షన్లు, ఫ్లైఓవర్లు. ఊరి మధ్య నడక ఇది. అక్కడ ప్రతి పౌర్ణమికీ జనం ఉంటారు, ఇక్కడ ఏడాదికి ఒక్కసారే. వేరే రోజుల్లో నడవొచ్చు, కానీ అప్పుడు మజ్జిగ ఇచ్చేవారుండరు, ఎన్‌ఏడీ దగ్గర లారీలుంటాయి. ఏడుసార్లు అక్కడ నడిచిన ధీమాతో ఇక్కడికి వచ్చి, హెచ్‌బీ కాలనీలో ఆటో కోసం చెయ్యెత్తినవాళ్లని నేనెరుగుదును.

ప్రశ్న: నడిచేటప్పుడు బొబ్బ లేస్తే చిదమాలా, వదిలేయాలా?

జవాబు: చిన్నదైతే వదిలేయండి, మీద ప్లాస్టర్ వేసి నడవండి. అడుగేస్తే పగిలిపోయేంత పెద్దదైతే, శుభ్రం చేసిన సూదితో పక్కనుంచి చిన్న చిల్లు పెట్టి నీరు పోనివ్వండి. పైచర్మం మాత్రం పీకకండి, కింది పచ్చికి అదే కప్పు. షుగర్ ఉన్నవాళ్లు సొంతంగా ఏదీ చేయొద్దు, దారిలో వైద్య శిబిరాలు పెడతారు, అక్కడ చూపించుకోండి. అసలు బొబ్బ లేచేముందు ఆ చోట వేడిగా, చురుక్కుమంటూ ఉంటుంది. నా బీటులో అలా అనిపించగానే ఏదో ఒక అరుగు మీద కూర్చుని చెప్పు విప్పేసేవాణ్ని. ఉత్తరం పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు. పెళ్లి సంబంధం ఉత్తరమైతే తప్ప.

ప్రశ్న: మీరు ఎన్నిసార్లు చేశారు? ఈసారి కూడా వస్తున్నారా? కలవాలని ఉంది.

జవాబు: పదకొండు పూర్తయినవి, ఒకటి సోఫా పాలైంది. రెండేళ్లుగా కుడి మోకాలు ఒప్పుకోవడం లేదు. ఈసారి కూడా కంచరపాలెంలో మా వీధి మలుపు దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంటాను. పక్కన రెండు బకెట్లు. ఒకటి మజ్జిగ, ఒకటి కాళ్లు కడగడానికి నీళ్లు. పాత తువ్వాళ్లు కూడా పెడతాం. మజ్జిగ మా ఆవిడ చేస్తుంది. అల్లం ఎక్కువైందని మాత్రం ఎవరూ ఆవిడతో అనకండి.